ఈగ మఱచిన పేరు

1

దినదినము ఒకే పనిని, ఒకే తీరున, ఒకే చోట చేయుచుండుటవలన మనస్సునకు కలుగు స్థితిని ఆంగ్లమున 'మొనాటనీ' యందురు. దీనికి తెలుగున స్థిరపడిన పర్యాయపదము లేదు. విసుగు అందుమా, అది ఆ స్థితి కాదు. ఆ స్థితివలన కలుగు ఫలము. మార్పులేమి అందుమా, అది బాహ్యలక్షణమే గాని అనుభవము కాదు. కొందఱు 'ఏకతానత' అను సంస్కృతపదమును ఈ యర్థమున వాడుట కలదు. ఈ ప్రయోగము విచారింపదగినది. పతంజలి యోగసూత్రములలో ధ్యానమునకు చెప్పిన లక్షణమునందే ఈ పదము కలదు. అచట దాని యర్థము, చిత్తవృత్తి యొకదానియందే తెగక ప్రవహించుట. ఒకే మాట యోగి సాధించిన యేకాగ్రతను, లెక్కల పుస్తకము ముందు గుమాస్తా పడు విసుగును గూడ చెప్పుచున్నది.

ఇది భాషకు గల లోపమని మేము తలంపము. జపమాలను త్రిప్పు వ్రేళ్ళకును తిరుగలిని త్రిప్పు చేతికిని బయటికి కనిపించు భేదము స్వల్పము. రెండును ఆవృత్తులే. ఒకటి మనిషిని నిలుపుచున్నదనియు, వేఱొకటి అరగదీయుచున్నదనియు లోకము చెప్పును. ఈ భేదము ఎచ్చట నున్నది? పనిలో నున్నదా, పని చేయువారిలో నున్నదా, లేక వారిని చుట్టియున్న వారిలో నున్నదా? ఈ వ్యాసమున మేము విచారింపదలచిన ప్రశ్న యిదియే.

సమాధానమునకై మొదట ఆలంకారికులను, తర్వాత మన పద్యగేయ సంప్రదాయమును ప్రశ్నించి, తుదకు తెలుగు బిడ్డలందఱు ఎఱిగిన యొక చిన్నకథ కడకు వచ్చెదము. అది ఇల్లలుకుచు తన పేరు మఱచిన యీగ కథ. ఆ కథను ఆధారముగ గొని పి. సత్యవతి రచించిన 'ఇల్లలకగానే' అను కథయు, విమల రచించిన 'వంటిల్లు' అను కవితయు మా పరిశీలనకు ముఖ్యవస్తువులు. నిత్యకృత్యమువలన కలుగు నష్టము విసుగు కాదనియు, పేరు మఱపనియు, విసుగు ఇంకను పేరు మిగిలినవారికి మాత్రమే సాధ్యమగు బాధయనియు మా ప్రతిపాదనము.

2

భరతుడు నాట్యశాస్త్రమున 33 వ్యభిచారిభావములను పేర్కొనెను. వానిలో నిర్వేదము మొదటిది. గ్లాని, శ్రమ, ఆలస్యము, దైన్యము, జడత, విషాదము మున్నగునవి తర్వాత వచ్చును. మనుష్యహృదయమున పుట్టు సూక్ష్మవికారములను ఇంత శ్రద్ధతో ఏర్చి కూర్చిన ఆ పట్టికలో విసుగునకు చోటు లేదు. ఉన్నవానిలో దేనియందైనను దానిని అంతర్భవింపజేయవచ్చునా యనిన, మాకు అది సాధ్యమని తోచలేదు. శ్రమ విశ్రాంతితో తీరును; విసుగు విశ్రాంతియందును వెంట నుండును. ఆలస్యము పనిని తప్పించుకొనును. విసుగు పనిని చేయుచునే యుండును. జడత క్రియను ఆపివేయును. విసుగుగొన్నవాని చేతులు ఆగవు.

నిర్వేదముతో పోల్చినచో భేదము ఇంకను స్పష్టమగును. తత్త్వజ్ఞానమువలన పుట్టిన నిర్వేదమును మమ్మటుడు శాంతరసమునకు స్థాయిగ గ్రహించెను. అనగా నిర్వేదమునకు ఒక దిక్కు కలదు. నిర్వేదము కలిగినవాడు ఇల్లు విడిచి పోగలడు, తపస్సు చేయగలడు, రాజ్యమును కుమారునకు అప్పగింపగలడు. విసుగునకు ఆ దిక్కు లేదు. విసిగినవాడు మఱునాడు ఉదయమున మఱల అదే పనికి వచ్చును. కాబట్టియే అది రసముగ పరిణమింపదని పూర్వులు తలచి యుందురు. మన కావ్యములలో ఉదయవర్ణనలున్నవి. ఆ యుదయమున వాకిట కళ్ళాపి చల్లు స్త్రీకి ఆ వర్ణనలలో తఱచు తావు లేదు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదయందు వర్షర్తువును వర్ణించుచు, నిప్పు దొరకక, తడికట్టెలు మండక, పొగలో వంట చేయు గృహిణుల యవస్థను చూచెను. అట్టి చూపు అరుదు. ఐనను అది వానకాలపు ఇక్కట్టు. వాన వెలిసిన పిమ్మట పొయ్యి చక్కగ మండు దినములను గూర్చి, ఒకదానివలె నొకటి వచ్చు ఆ దినములను గూర్చి, ఆయనయు చెప్పలేదు.

ఆలంకారికులు అనుభవముగ గుర్తింపని దానిని రచనాదోషముగ మాత్రము గుర్తించిరి. మమ్మటుడు కావ్యప్రకాశమున చెప్పిన అర్థదోషములలో 'అనవీకృతత్వము' ఒకటి. చెప్పినదానినే కొత్త తీరు లేక మఱల మఱల చెప్పుట దాని స్వరూపము. దానికి ఆయన యిచ్చిన యుదాహరణము భర్తృహరి వైరాగ్యశతకమున కనిపించు ఒక శ్లోకము. సంపదలు లభించెను, శత్రువులను గెల్చితిమి, బంధువులను ఆదరించితిమి, చిరకాలము జీవించితిమి. ప్రతివాక్యమునకు చివర 'ఐన నేమి?' అను ఒకే ప్రశ్న. ఆ ప్రశ్నను కవి నూతనముగ మార్చి చెప్పలేదని మమ్మటుని ఆక్షేపణము.

మహాలాక్షణికుని తీర్పును కాదనుట మాకు సాహసమే. ఐనను ఇచట ఒక మాట చెప్పక తప్పదు. ఆ శ్లోకమునకు ప్రాణము ఆ మార్పులేని ప్రశ్నయే. ప్రతి లాభము తర్వాతను మనస్సు అదే చోటికి తిరిగి వచ్చుచున్నదని చెప్పదలచిన కవి, ఆ ప్రశ్నను నాలుగు విధముల మార్చియున్నచో చెప్పదలచినదే చెడియుండెడిది. దోషమని చెప్పబడిన ఆవృత్తి ఇచట భావమునకు రూపము. విసుగును చిత్రింపగోరు రచయిత కెప్పుడును ఈ చిక్కు కలదు: దానిని యథాతథముగ చూపినచో చదువరి విసుగును, వైవిధ్యముతో చూపినచో అది విసుగు కాకుండ పోవును. ఆధునిక రచయితలు ఈ చిక్కును ఎట్లు దాటిరో ముందు చూచెదము.

3

ఆవృత్తి యంతయు మనిషిని అరగదీయునది కాదనుటకు మన సాహిత్యమే సాక్ష్యము. శతకమును తీసికొందము. నూఱు పద్యములకు పైగా ఒకే మకుటము. ఛందస్సు తఱచుగ ఒకటే. చదువరి ప్రతిపద్యమున ముగింపును ముందే యెఱుగును. ఐనను శతకములు తెలుగు పలుకుబడిలో ఇంకినంతగ మఱి యే ప్రక్రియయు ఇంకలేదు. కారణమేమి? మకుటము సాధారణముగ ఒక సంబోధనము. అది ఒక పేరును పిలుచును. మూడు పాదములలో లోకమును గూర్చి యొక కొత్త మాట చెప్పి, నాలుగవ పాదమున కవి తన కెదుట నున్నవానిని మఱల పిలుచును. ప్రతిపద్యమున రెండు క్రియలు జరుగుచున్నవి: ఏదో యొకటి చేరుట, ఎవరో యొకరు పిలువబడుట.

తాళ్ళపాక అన్నమాచార్యుని జీవితము దీనికి పరమోదాహరణము. 1424 నుండి 1503 వఱకు ఆయన సంకీర్తనములు రచించెనని తామ్రపత్రముల వలన తెలియుచున్నది. మొత్తము 32 వేలని సంప్రదాయము. లెక్క చూచినచో 79 సంవత్సరములు, దినమున కొకటికి తక్కువ కాదు. పని మాటలలో చెప్పినచో ఇది ఎడతెగని నిత్యకృత్యము. ప్రతిసంకీర్తనమున ముద్ర వేంకటేశ్వరునిదే. ఇంత దీర్ఘమైన యావృత్తి ఆ కవిని అరగదీయకపోవుటకు కారణము భక్తియని చెప్పుట సులభము. ఆ భక్తి రచనలో ఏ రూపమున పనిచేసినదనిన, అది నిత్యము ఒకనిని పిలుచుట, పిలిచిన ప్రతిసారి వేఱొక కోణము చూచుట అని మేము చెప్పుదుము.

ఇది దేవునితో సంబంధించిన విషయము కదా, వంటయింటితో దీనికేమి పోలిక యని ఆక్షేపింపవచ్చును. కాబట్టి దంపుళ్ళపాటలను చూతము. బిరుదురాజు రామరాజు 1958లో వెలువరించిన 'తెలుగు జానపదగేయ సాహిత్యము' వచ్చినప్పటి నుండి శ్రామికగేయములను సాహిత్యముగ చదువుట మన విశ్వవిద్యాలయములలో స్థిరపడినది. రోటిలో వడ్లు దంచుట ఎంత మార్పులేని పనియో చెప్పనక్కఱలేదు. రోకలి లేచును, పడును. ఇద్దఱు స్త్రీలు ఎదురెదురుగ నిలిచి ఒకరి పోటు తర్వాత ఒకరు వేయుదురు. 'సువ్వి' యను పల్లవిమాట ఆ పోట్లకు లయను కూర్చును. ఆ మాటకు నిఘంటుతుల్యమైన యర్థమును వెదకుట వ్యర్థము. దాని యర్థము, నేనిచట నున్నాను, నీ వంతు వచ్చినది అనుట. పాటలో సీత కష్టములు వచ్చును, పుట్టింటి ముచ్చట వచ్చును, అత్తగారిపై చుఱుకు వచ్చును. పని మాఱదు. పనిలో ఎదుట నొక మనిషి యున్నది, పాటలో కథ ముందుకు పోవుచున్నది. శతకమకుటమున చూచిన రెండు గుణములే ఇచట రోటి ప్రక్కను కనిపించుచున్నవి.

వడ్లమరలు వచ్చిన పిమ్మట దంపుడు తగ్గినది. దానితో పాట పోయినది. చేతినొప్పి పోయినందుకు ఎవరును విచారింపబనిలేదు. ఐతే శ్రమ తగ్గిన చోట్ల ఎదుటి మనిషియు పోయినదని గమనింపవలెను. నేటి వంటయింట మిక్సీ గిఱ్ఱున తిరుగుచుండగ పాడుటకు వీలు లేదు. పాడినను వంతు అందుకొనువారు లేరు.

4

ఇక ఈగ కథ. పాఠభేదములు పెక్కు గలవు గనుక మేము స్వీకరించిన రూపమును సంగ్రహముగ చెప్పెదము. ఒక యీగ ఇల్లలుకుచు తన పేరు మఱచినది. పేదరాసి పెద్దమ్మ కడకు పోయి తన పేరేమని యడిగినది. ఆమె తన కొడుకు నడుగుమన్నది. కొడుకు తన చేతి గొడ్డలిని, గొడ్డలి తాను నఱకు చెట్టును, చెట్టు తన క్రింద కట్టిన గుఱ్ఱమును, గుఱ్ఱము తన కడుపులోని పిల్లను అడుగుమన్నవి. పిల్ల ఆ ప్రశ్న విని 'ఇహిహీ' యని సకిలించినది. ఆ ధ్వని చెవిని పడగానే ఈగకు తన పేరు జ్ఞప్తికి వచ్చినది.

శిశువులను నవ్వించుటకు పుట్టిన కథయని దీనిని తేలికగ విడువరాదు. మొదట, పేరు మఱచుటకు హేతువుగ కథ ఇల్లలుకుటనే యేల యెన్నుకొన్నది? కుండ చేసినవానికి కుండ మిగులును. నేసినవానికి బట్ట మిగులును. వండినవారికి, అది కొంత సేపే యైనను, తిన్నవారి తృప్తి మిగులును. అలికిన యిల్లు ఆఱులోపలనే అడుగులు పడును. మఱునాడు అలుకనట్లే యుండును. అంతేకాదు. పేడనీటితో నేల నలుకువారు లోపలి గోడ కడ మొదలిడి వెనుకకు జరుగుచు గడప చేరుదురు. తమ పాదముల గుర్తులను తామే చెఱిపివేయుచు వత్తురు. ఎచ్చటనైనను అడుగు కనిపించినచో పని చెడినట్లు. చేసినవారి జాడ లేకుండుటయే ఆ పనికి పరిపూర్ణత. పేరు మఱచుటకు ఇంతకంటె తగిన పని యుండదు. మన సామెతయు ఈ పనికి విలువ కట్టియే యున్నది: ఇల్లలుకగానే పండుగ కాదట. అలుకుట ఎప్పుడును పీఠికయే, పండుగ ఇతరులది.

రెండవది, ఈగ విసుగు పడినట్లు కథలో ఎచ్చటను లేదు. అలుకుట కష్టముగ నున్నదని అది ఫిర్యాదు చేయలేదు. పని చక్కగనే సాగినది. పని చేయుచున్నదెవరో మాత్రము జాఱిపోయినది. మా ప్రతిపాదనమునకు ఇదియే మూలము. విసుగు ఒక విధమైన మేలుకొలుపు. విసిగినవాడు తానొకడున్నానని, తనకు ఇంతకంటె మంచిది తగునని ఎఱుగును. అంతకంటె లోతైన దశయందు ఆ యెఱుకయు ఉండదు. లోకులు సంతృప్తియని పొరబడునది తఱచుగ ఈ దశయే.

మూడవది, ఈగకు తన పేరు తప్ప అందఱి పేర్లును జ్ఞాపకమున్నవి. కథ చెప్పువారు ప్రతిమెట్టునందును పెద్దమ్మను, పెద్దమ్మ కొడుకును, కొడుకు చేతి గొడ్డలిని, వరుసగ మొదటినుండి మఱల పిలువవలెను. జానపద విద్వాంసులు శృంఖలాకథ యని చెప్పు జాతికి చెందినదిది. ఇచట ఒక విచిత్రము కలదు. అలుకుటయందలి యావృత్తి పేరును పోగొట్టినది. కథనమందలి యావృత్తి పేరు కడకు చేర్చుచున్నది. రెంటికిని భేదము, రెండవదానిలో ప్రతిసారి ఒక కొత్త కొలికి చేరుట, ఒకరిని పిలుచుట. పిల్లలు ఈ వరుసను ఎన్నిసార్లైనను విసుగక విందురు. తామే అందుకొందురు. మూడవ భాగమున శతకమునందును రోటిపాటయందును కనుగొన్న సూత్రమునే కథ తన నిర్మాణమున భద్రపఱచినది.

నాల్గవది వ్యాకరణవిషయము. చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) వలన మనకు తెలిసినట్లు, తెలుగున పురుషవాచకములు మహత్తులు. స్త్రీవాచకములు ఏకవచనమున అమహత్తులతోను బహువచనమున మహత్తులతోను చేరును. పురుషుడు 'మఱచినాడు', ఈగ 'మఱచినది', స్త్రీయు 'మఱచినది'. కాబట్టి తెలుగు శ్రోత చెవికి ఈగకును ఇల్లాలికిని క్రియలో భేదము లేదు. ఈ కథను వేఱొక భాషలోనికి మార్చువారు ఆ క్రియకు ఏదో యొక లింగమును నిర్ణయింపవలసి వచ్చినచో, తెలుగున సహజముగ నున్న ఈ స్ఫురణ పోవును. ఒంటరిగ నున్న స్త్రీ ఈగతో కలిసి అమహత్తు; నలుగురితో కూడినప్పుడు మహత్తు. వ్యాకరణనియమమును సమాజధర్మమునకు సాక్ష్యముగ తెచ్చుటలో మితి మీఱరాదని మే మెఱుగుదుము. లింగవ్యవస్థ ఎవరును ఆలోచించి నిర్మించినది కాదు. ఐనను భాషలో సిద్ధముగ నున్న ఈ సామ్యమును రచయిత్రి వాడుకొన్నప్పుడు విమర్శకుడు చూడకుండుట తప్పగును.

5

ఆధునిక నవలలో నిత్యజీవితపు మార్పులేమి ప్రధానవస్తువైనది. రాచకొండ విశ్వనాథశాస్త్రి 'అల్పజీవి'లోని సుబ్బయ్య గుమాస్తా. భయమే ఆయన నిత్యకృత్యము. 1969లో వెలువడిన నవీన్ 'అంపశయ్య' ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థి రవి యొక్క ఒకే దినమును, మేల్కొన్నది మొదలు రాత్రి వఱకు సుమారు 16 గంటల కాలమును, నవల నిండ పఱచినది. ఈ యిద్దఱు రచయితలును మేము రెండవ భాగమున చెప్పిన చిక్కును ఒకే ఉపాయముతో దాటిరి. బాహ్యజీవితము ఎంత మార్పులేనిదైనను అంతరంగము ఎడతెగక కదలుచుండును గనుక ఆ కదలికను వ్రాసిరి. చైతన్యస్రవంతి పద్ధతి తెలుగున ఇట్లు మార్పులేమికి మందుగ వచ్చినది.

ఈ నాయకులకు బాధ కలదు, అవమానము కలదు, విసుగు కలదు. పేరు మఱపు మాత్రము లేదు. ఉండుటకు వీలును లేదు. గుమాస్తా పేరు హాజరుపట్టీలో నున్నది. విద్యార్థి పేరు తరగతి పట్టీలో నున్నది. లోకము వారిని చిన్నచూపు చూచును గాని పేరు పెట్టియే చూచును. 'అంపశయ్య' రచయితకు ఆ నవల పేరే ఇంటిపేరువలె స్థిరపడినది. చేసిన పని చేసినవానికి పేరు తెచ్చిపెట్టుట యనగా ఇదియే. అలుకుటకు సరిగ ఎదురుచివర నున్న పని ఇది.

విమల 'వంటిల్లు' కవిత ఈ భేదమును సూటిగ చూపును. బాల్యమున వాసనలతో ఊరించిన వంటయిల్లు ఎదిగినకొలది వేఱుగ కనిపించును. అచటి సామ్రాజ్యమునకు తల్లి రాణి. ఐనను గిన్నెలపై చెక్కినది తండ్రి పేరని కవయిత్రి గుర్తించినది. పాత్రలపై పేరు కొట్టించుట తెలుగువారి యిండ్లలో ఎఱుగనివారు లేరు. పెండ్లికి, గృహప్రవేశమునకు ఇచ్చిన గిన్నెలపై చుక్కలు చుక్కలుగ నుండు ఆ యక్షరములను దినమునకు రెండు పూటల తోమునది ఎవరో, ఆమె పేరు అచట తఱచుగ నుండదు. తోమి తోమి మెఱుగుపెట్టునది ఇతరుల పేరును. ఒక గృహోపకరణమునుండి ఇంత యర్థమును రాబట్టుట ఆ కవితకు గల బలము.

'ఇల్లలకగానే' కథ ఇంకను ముందుకు పోయినది. 1990 దశకమున ఇదే పేరుతో వెలువడిన సంపుటమునకు ఇది శీర్షికాకథ. చదువుకొన్న యొక యువతి పెండ్లియాడినది. ఇల్లు నీది, దానిని తీర్చిదిద్దుకొనుమని భర్త చెప్పెను. ఆమె అట్లే చేసినది. ఇల్లు చూచి అందఱును మెచ్చుకొనిరి. ఒకనాడు అలుకుచుండగ తన పేరేమో జ్ఞప్తికి రాలేదు. ఇంట పని చేయు స్త్రీకి ఆమె అమ్మగారు, పిల్లలకు అమ్మ, భర్తకును ఇరుగుపొరుగువారికిని ఏదో యొక వరుస, ఏదో యొక గుర్తు. ఎవరును పేరు చెప్పలేరు. తుదకు ప్రమీల యను పూర్వపు సహాధ్యాయిని 'శారదా' యని పిలిచినది. పేరుతో కూడ ఆమె చదువు, పాట, బొమ్మలు అన్నియు తిరిగి వచ్చినవి.

మూలకథతో పోల్చినచో సత్యవతి చేసిన మార్పులు రెండు. ఈగ ప్రశ్నకు ఎవరును సమాధానము చెప్పలేదు. గుఱ్ఱపుపిల్ల సకిలింపు కాకతాళీయము. శారదకు పేరు కాకతాళీయముగ దొరకలేదు; ఆమెను వెనుకటి నుండి యెఱిగిన మఱొక స్త్రీ పిలుపువలన దొరకినది. ఒంటరిగ అమహత్తుగ నున్నది తోడు చేరినప్పుడు మనిషియైనది. బాలవ్యాకరణ సూత్రము ఇచట కథగ మాఱినదని చెప్పిన రచయిత్రికి నవ్వు వచ్చునేమో గాని అర్థము మాత్రము అదే. రెండవ మార్పు, ఈగ కథలో తిరుగుడు వినోదము; ఇచట ప్రతిమెట్టు ఒక అభియోగము. పెద్దమ్మకు ఈగ పేరు తెలియకపోవుట తప్పు కాదు. భార్య పేరు భర్త నోట లేకపోవుట తప్పు. శృంఖలాకథ యొక్క చక్కదనము చెడకుండ ప్రతికొలికిని సాక్షిగ నిలిపినది రచయిత్రి. చదువరి విసుగడు, నవ్వుచునే యుండును, నవ్వు ఎచ్చటనో ఆగును.

ఇచట మా సంశయమును గూడ చెప్పవలెను. పేరు దొరకినది, ఇల్లెవరు అలుకుదురు? అలుకగానే పండుగ కాదని శారద భర్తకు చెప్పగలిగినది. ఆ మాట చెప్పిన మఱునాటి యుదయమును గూర్చి కథ మౌనము వహించినది. పనిని ఇంట పని చేయు స్త్రీకి పూర్తిగ అప్పగించినచో ఆవృత్తి పోదు; చేతులు మాత్రము మాఱును. పని మాత్రమే దోషియని చూపినచో, పాటతో దంచిన ఆ యిద్దఱు స్త్రీల యనుభవము మనకు అర్థము కాదు. పిలుపు లేమి మాత్రమే దోషమని చూపినచో, పేరు పెట్టి పిలుచుచు పని యంతయు ఒకరిచేతనే చేయించు ఇండ్లను మనము మెచ్చుకొనవలసి వచ్చును. కథ ఈ రెండవ ప్రమాదమునకు కొంత దగ్గఱగ పోయినదని మా యభిప్రాయము. ఐనను అది కథకు లోపముగ గాక హద్దుగ చెప్పుచున్నాము. చిన్నకథ యొక తలుపు తెఱచును. ఆ యింట కాపురము చేయుట చదువరి పని.

6

ఈ విచారణ పుస్తకములకు మాత్రమే సంబంధించినది కాదు. 2019లో భారతప్రభుత్వ గణాంక కార్యాలయము జరిపిన కాలవినియోగ సర్వేక్షణములో ఆఱేండ్లు నిండినవారి దినచర్యను లెక్కించిరి. జీతము లేని యింటిపనిలో పాల్గొన్న స్త్రీలు సగటున దినమునకు 299 నిమిషములు, పురుషులు 97 నిమిషములు దానికై వెచ్చించిరని తేలినది. పురుషుల లెక్కయు అందులో పాల్గొన్నవారిదే, పాల్గొననివారు అనేకులు. దినమునకు సుమారు ఐదు గంటలు. అన్నమయ్య సంకీర్తనములకు చేసినట్లే దీనిని సంవత్సరములతో హెచ్చించినచో వచ్చు సంఖ్యను చదువరులే ఊహింపవచ్చును. ఆ గంటలకు తామ్రపత్రములు లేవు, ముద్ర లేదు.

మొదటి ప్రశ్నకు తిరిగి వత్తము. జపమాలకును తిరుగలికిని భేద మెచ్చటనున్నది? పనిలో లేదు, చేయువారి గుణమునందు మాత్రమే లేదు. ఏకతానత ధ్యానమగుటకు పిలుపు కావలెను, చేరిక కావలెను. ఆ రెండును కఱవైనప్పుడు అది మొదట విసుగగును. విసుగును గమనించువారు లేనప్పుడు మఱపగును. భరతుని పట్టికలో చేరని ఈ భావమునకు శాస్త్రకారులు పేరు పెట్టలేదు. పేరు లేని భావమును గూర్చి పేరు మఱచిన యీగ కథగ చెప్పినవారు మన అవ్వలు. వారిలో పెక్కుమంది ఆనాటి ఉదయమున ఇల్లలికి, రాత్రి మనుమలను ప్రక్కన పరుండబెట్టుకొని ఆ కథ చెప్పినవారే. వారి పేర్లు మనకు తెలియవు. మన జానపద సంకలనములలో కథ క్రింద ఊరి పేరుతోబాటు చెప్పినామె పేరు గూడ వ్రాయుట ఈ దిశగ మన శాఖలు చేయగల మొదటి పని. కథ నడుగువారు, కథ కంటె ముందు, ఆమె పేరడుగవలెను.